న్యూరెంబర్గ్ క్రిస్మస్ మార్కెట్: పెద్దవాళ్లతో, పసిపాపతో ఎప్పుడు వెళితే మంచిది?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. మేం నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్‌లో ఉంటాం. డిసెంబర్‌లో తెనాలి నుంచి మా అత్తయ్య, మామయ్య వస్తున్నారు. వాళ్లకి ఒక్క క్రిస్మస్ మార్కెట్ అయినా తృప్తిగా చూపించాలని మా ఆయన పట్టు. చూపిస్తే న్యూరెంబర్గే చూపించాలట. బాబుకి ఏడేళ్లు. పాపకి ఇంకా రెండు నిండలేదు, స్ట్రోలర్ తప్పదు. మామయ్యకి మోకాళ్ల నొప్పులు. అత్తయ్య శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు.

24 సాయంత్రానికి చేరి 27 దాకా ఉందామని అనుకుంటున్నాం. క్రిస్మస్ రోజున మార్కెట్ దేదీప్యమానంగా ఉంటుంది కదా, అది చూడాలని. హోటల్ ఇంకా బుక్ చేయలేదు. ఈ తేదీలు సరైనవేనా? లేక అంత దూరం వద్దు, దగ్గర్లో ఉన్న కొలోన్ చాలంటారా? చలి, తిండి, జనం, దేని గురించి తెలిసినా చెప్పండి.

ఎర్లాంగెన్‌వాసి

హోటల్ బుక్ చేయకముందే అడిగారు, బతికిపోయారు. 24 సాయంత్రం అక్కడికి చేరితే మూసేసిన కొట్లు తప్ప ఏమీ ఉండవు. ఆ రోజు మధ్యాహ్నం 2 గంటలకే మార్కెట్ అయిపోతుంది. జర్మనీలో ఈ మార్కెట్లు క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాల ఆడ్వెంట్ కాలానివి. మొదటి ఆడ్వెంట్ ఆదివారానికి ముందు వచ్చే శుక్రవారం సాయంత్రం 5:30కి, ఫ్రావెన్‌కిర్షె చర్చి బాల్కనీ మీదికి క్రిస్ట్‌కిండ్ (జర్మన్‌లో బాల యేసు అని అర్థం) వేషం వేసిన అమ్మాయి బంగారు రంగు ఉంగరాల జుట్టు, కిరీటంతో వచ్చి పద్యం చదువుతుంది. దాంతో మార్కెట్ తెరిచినట్టు. ఈ ఏడాది (2025) అది నవంబర్ 28న.

24 సాయంత్రం నుంచి ఇక్కడివాళ్లంతా ఇళ్లలోనే. 25, 26 రెండూ ప్రభుత్వ సెలవులు, సూపర్‌మార్కెట్ కూడా తెరవరు. 27 శనివారం తెరుస్తారు, 28 ఆదివారం మళ్లీ మూత. పసిపాపతో ఆ రోజుల్లో వస్తే పాల కోసం రైల్వే స్టేషన్‌కి పరిగెత్తాల్సి వస్తుంది.

నన్నడిగితే డిసెంబర్ రెండో వారంలో మంగళవారమో, బుధవారమో రండి.

చలిపులి

ఎర్లాంగెన్‌వాసి గారు చెప్పింది అక్షరాలా నిజం. 25న ఇక్కడ ఏ ఊరి నడిబొడ్డున నిలబడ్డా మన అడుగుల చప్పుడు మనకే వినపడుతుంది. అత్తగారి దగ్గర "ఇదేనా మీ క్రిస్మస్?" అనిపించుకోవాలంటే భేషైన తేదీలు అవి.

కృష్ణాతీరం

అమ్మో, ఇది అసలు ఊహించలేదు. మన దగ్గర పండగ రోజే కదా సందడంతా! కానీ రెండో వారం కుదరదండీ. ఇక్కడ ఐదేళ్లు నిండాక బడి తప్పనిసరి. సెలవులు కాని రోజుల్లో పిల్లాణ్ణి తీసుకెళ్తే జరిమానా వేస్తారు. సెలవులు 20 నుంచి మొదలు. అంటే మాకు 21 ఆదివారం నుంచి 23 మంగళవారం దాకానే వీలు. మరీ చివరికి వెళ్తున్నట్టా?

ఎర్లాంగెన్‌వాసి

ఏం ఫర్వాలేదు, 23 దాకా మార్కెట్ నిండుగానే ఉంటుంది. కాకపోతే ఆదివారం సాయంత్రం లోపలికి దూరకండి. అది ఆఖరి ఆడ్వెంట్ ఆదివారం. సీజన్ మొత్తంలో ఇరవై లక్షల పైచిలుకు జనం వచ్చే చోటు ఇది. కొట్లేమో ఓ 180, సందులు సన్నవి. ఆదివారం రాత్రి నుమాయిష్‌లో మిఠాయి కొట్ల దగ్గర ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి, దానికి తోడు ప్రతివాడి చేతిలోనూ వేడి వేడి గ్లూవైన్ (మసాలా వేసి కాచిన వైన్) కప్పు. స్ట్రోలర్‌లో ఉన్న పాప తల సరిగ్గా ఆ కప్పుల కిందే ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నానికి దిగి, పాత ఊరు గోడల లోపలే గది తీసుకుని సామాన్లు పడేయండి. చీకటి పడ్డాక మ్యూజియమ్స్‌బ్రూకె వంతెన దాకా నడిచి రండి చాలు. అక్కడి నుంచి పెగ్నిట్జ్ నది మీదికి కట్టిన హైలిగ్ గైస్ట్ ష్పిటాల్ కనిపిస్తుంది. 1339లో స్థాపించిన ధర్మాసుపత్రి అది. నీళ్లలో దీపాల నీడలు పడి చాలా బాగుంటుంది. మార్కెట్లోకి సోమవారం ఉదయం సరిగ్గా 10కి వెళ్లండి. కొట్లవాళ్లు ఓపిగ్గా మాట్లాడతారు, మామయ్య గారు ఆగి ఆగి నడిచినా వెనకనుంచి తోసేవాళ్లు ఉండరు. సూర్యుడు 4:15 కల్లా అస్తమిస్తాడు కాబట్టి 4 ప్రాంతంలో ఇంకోసారి వెళ్తే దీపాల వెలుగులో కూడా చూసినట్టవుతుంది. ఆఫీసులు వదిలే 5:30 కల్లా బయటపడండి.

బాబు కోసం హాన్స్ సాక్స్ ప్లాట్జ్‌లో పిల్లల మార్కెట్ విడిగా ఉంది. రెండంతస్తుల రంగులరాట్నం, చిన్న ఆవిరి రైలు, జెయింట్ వీల్. పెద్ద మార్కెట్ నుంచి రెండు నిమిషాల నడక. పాత రాటౌస్ (టౌన్ హాల్) దగ్గర ఈ ఊరి సోదర నగరాల కొట్లు ఉంటాయి. గ్లాస్గో, క్రాకోవ్, ఆంటాల్యా ఇలా రకరకాల ఊళ్లవి. నాకైతే అసలు మార్కెట్ కంటే అక్కడి సరుకే నచ్చుతుంది. అసలు మార్కెట్లో చెక్క బొమ్మలు కొనేటప్పుడు మాత్రం ఎక్కడ చేశారో అడిగి కొనండి.

కోట ఎక్కే దారి నిటారుగా, రాళ్లు పరిచి ఉంటుంది. మామయ్య గారిని పైదాకా టాక్సీలో తీసుకెళ్లి, దిగేటప్పుడు నెమ్మదిగా నడిపించండి.

స్టీరింగ్

కారులో వెళ్లే ఆలోచన ఉంటే ఒక్క మాట. నెదర్లాండ్స్‌లో వింటర్ టైర్లు తప్పనిసరి కాదు. జర్మనీలో మంచు, జారుడు రోడ్డు ఉంటే తప్పనిసరి. 2024 అక్టోబర్ నుంచి కొండ, మంచు రేకు గుర్తు ఉన్న టైర్లే చెల్లుతాయి. ఉత్త ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అనే పాత గుర్తు) అని ఉంటే ఒప్పుకోరు. పైగా పాత ఊళ్లో పార్కింగ్ కోసం గంట తిరిగినా దొరకదు. ఊరి అంచున ఆపి మెట్రోలో రండి.

రైన్‌గాలి

కొలోన్ గురించి అడిగారు కదా. రైలు దిగి స్టేషన్ బయటికి వస్తే కేథడ్రల్, దాని కిందే మార్కెట్. పసిపిల్లలతో అంత సులువైన మార్కెట్ ఇంకోటి లేదు. మీకు దగ్గర కూడా. అయితే ఊరు మొత్తం పాతకాలపు కళ ఉండాలంటే మాత్రం కొలోన్ కాదు. న్యూరెంబర్గ్‌కి కొలోన్ మీదుగా రైల్లో వెళ్లొచ్చు. అక్కడ ఓ మూడు గంటలు ఆగండి, రెండూ చూసినట్టవుతుంది. 23 తర్వాత మాత్రం అదీ ఉండదు.

చలిపులి

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటాను. న్యూరెంబర్గ్‌కి పేరెక్కువ. ఎర్ర తెల్ల చారల గుడ్డ కప్పిన కొట్లు బాగుంటాయి, నిజమే. కానీ అదే గంటలో రోథెన్‌బర్గ్‌కి వెళ్తే ఊరే బొమ్మలకొలువులా ఉంటుంది, కోట గోడ మీద పైకప్పు కింద నడుచుకుంటూ పోవచ్చు.

ఎర్లాంగెన్‌వాసి

గంటలో కాదు బాబూ, ఆన్స్‌బాహ్‌లో, ష్టైనాహ్‌లో రైలు మారాలి. స్ట్రోలర్, ఇద్దరు పెద్దవాళ్లు, పైగా గోడ ఎక్కడానికి మెట్లు. జంటగా వెళ్లేవాళ్లకి నీ సలహా బాగుంటుంది.

పెసరట్టు_ప్రేమికుడు

అత్తయ్య గారి భోజనం సంగతి నాకు వదిలేయండి. మా అమ్మ కూడా గుడ్డు తినదు, మ్యూనిక్‌లో ఏళ్లుగా ఇదే బాధ.

కళ్లు మూసుకుని తినదగ్గవి: నిప్పుల మీద కాల్చిన చెస్ట్‌నట్‌లు (మరోని అని రాసి ఉంటుంది), పాకం పట్టిన వేడి బాదం, చాక్లెట్‌లో ముంచిన పళ్లు, పెరుగులాంటి క్వార్క్ వేసిచ్చే ఉడికిన బంగాళదుంప. అడిగి తినాల్సినవి ఇంకొన్ని. కార్టోఫెల్‌పుఫర్ అనే బంగాళదుంప అట్టు చూడ్డానికి మన శాకాహారమే, పిండిలో చాలాచోట్ల గుడ్డు కలుపుతారు. కేజెష్పెట్సిలే (చీజ్ వేసిన నూడుల్స్ లాంటిది), క్రేప్, వీటిల్లో గుడ్డు ఖాయం. ఫ్లామ్‌కుహెన్ (పిజ్జాలాంటి పలచటి రొట్టె) మీద మామూలుగా పంది మాంసం ముక్కలు చల్లుతారు, వెజిటేరియన్‌ది విడిగా అడగాలి. బ్రెట్జెల్‌లో కొందరు పంది కొవ్వు వాడతారు, "ఓనె ష్మాల్ట్స్?" అని అడిగితే చెప్తారు. "ఓనె ఐ, ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్" అని ఫోన్‌లో రాసిపెట్టుకుని చూపించండి. గుడ్డు, మాంసం, బేకన్ ఏవీ వద్దని అర్థమైపోతుంది.

తాగడానికి కిండర్‌పున్ష్ అడగండి. పళ్ల రసంలో దాల్చినచెక్క, లవంగం వేసి కాచినది, మందు ఉండదు. పిల్లలకీ పెద్దలకీ అదే. ఐయర్‌పున్ష్ జోలికి వెళ్లొద్దు, అది గుడ్డుతో చేసేది. కప్పుకి డిపాజిట్ కడతాం, కప్పు తిరిగిస్తే డబ్బు వెనక్కిస్తారు. ఏటా కొత్త బొమ్మతో, సంవత్సరం వేసి చేస్తారు కాబట్టి ఉంచేసుకునేవాళ్లే ఎక్కువ.

మామయ్య గారు మాంసాహారి అయితే ఊరి సాసేజ్ రుచి చూపించండి. బీచ్ కట్టెల నిప్పు మీద కాలుస్తారు. వేలెడంత, 7 నుంచి 9 సెంటీమీటర్లు, మరువం వాసన వస్తుంది. మూడు కలిపి రొట్టెలో పెట్టిస్తారు, "డ్రై ఇమ్ వెగ్లా" అనాలి. పంది మాంసమేనని మాత్రం ముందే చెప్పండి. 2003 నుంచి దానికి యూరప్ భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరుతో అమ్మాలంటే న్యూరెంబర్గ్‌లోనే తయారవ్వాలి.

వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి. పొద్దున పులిహోర కలుపుకుని బయల్దేరితే సగం టెన్షన్ ఉండదు.

ఓరుగల్లు_పిల్ల

నేను ఇక్కడ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నా. అత్తయ్య గారు చీరే కడతారా అక్కా? అయితే లోపల థర్మల్ లెగ్గింగ్స్, ఊలు సాక్స్, మడమల పైకి వచ్చే బూట్లు. కుచ్చిళ్లు రెండంగుళాలు పైకి కడితే తడవవు. డిసెంబర్‌లో సున్నాకి అటూ ఇటూ ఉంటుంది. మంచు పడకపోయినా నది గాలి కోసేస్తుంది. ఒక్క మందపాటి కోటు కంటే పలచటివి మూడు నాలుగు పొరలు మేలు. మామయ్య గారు మంకీ క్యాప్ తెచ్చుకుంటానంటే వద్దనకండి, ఎవరూ నవ్వరు, అందరికంటే ఆయన చెవులే వెచ్చగా ఉంటాయి.

చిల్లర పెట్టుకోండి. టాయిలెట్‌కి డబ్బులివ్వాలి, చాలా కొట్లలో కార్డు తీసుకోరు.

ఇంకో సంగతి, మనవాళ్లకి తెలియాలి. 2019లో క్రిస్ట్‌కిండ్‌గా ఎన్నికైన బెనిగ్నా మున్సీ తండ్రి భారతీయుడు, తల్లి జర్మన్. పుట్టింది న్యూరెంబర్గ్‌లోనే, అప్పటికి ఆమెకి 17 ఏళ్లు. ఏఎఫ్‌డీ అనే తీవ్ర మితవాద పార్టీ జిల్లా శాఖ ఒకటి ఫేస్‌బుక్‌లో ఆమె రంగు మీద వెటకారంగా రాసింది. ఊరంతా ఆ అమ్మాయి వెనక నిలబడింది, ఆ పోస్టు తీసేయాల్సి వచ్చింది. క్రిస్ట్‌కిండ్ పదవి రెండేళ్లు. పాపం, రెండో ఏడాది 2020లో కరోనా వల్ల మార్కెట్టే పెట్టలేదు.

కృష్ణాతీరం

ఎన్ని విషయాలు చెప్పారో! 21 నుంచి 23కి ఖాయం చేసుకున్నాం, రైల్లోనే. ఇంకో అనుమానం. మాగ్డెబర్గ్ ఘటన వార్తల్లో చూసినప్పటి నుంచి మామయ్య "అంత జనంలోకి పిల్లలతో అవసరమా?" అంటున్నారు. భద్రత ఎలా ఉంటుంది?

ఎర్లాంగెన్‌వాసి

ఆయన భయంలో తప్పేం లేదు. 2016లో బెర్లిన్, 2024లో మాగ్డెబర్గ్, రెండుచోట్లా జనంలోకి వాహనం తోలారు. ఇప్పుడు చౌక్‌లోకి వచ్చే దారులన్నీ బరువైన అడ్డుకట్టలతో మూస్తున్నారు, పోలీసులు తిరుగుతూనే ఉంటారు. పూర్తి భరోసా ఎవరూ ఇవ్వలేరు. సోమవారం పొద్దున్న వెళ్తున్నారు కాబట్టి తొక్కిసలాట బాధ లేదు. రైల్లో పాస్‌పోర్టులు చేతికందేలా పెట్టుకోండి. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ అన్ని సరిహద్దుల్లోనూ తనిఖీలు చేస్తోంది.

రాతిబాట

ఆ చౌక్ సంగతి కూడా కొంత చెప్తాను, హౌప్ట్‌మార్క్ట్ అంటారు దాన్ని. ఒకప్పుడు అది యూదుల వాడ. 1349 డిసెంబర్ 5న ఊరి జనం దాని మీద పడి 562 మందిని చంపేశారు. ఇళ్లు పడగొట్టి అక్కడ మార్కెట్ చౌక్ వేసుకోవచ్చని రాజు నాలుగో కార్ల్ (తర్వాత చక్రవర్తి అయ్యాడు) ముందే అనుమతి ఇచ్చేశాడు. సినగాగ్ ఉన్న చోట ఫ్రావెన్‌కిర్షె లేచింది. రోజూ మధ్యాహ్నం 12కి ఆ చర్చి గడియారం కింద చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురు ఎలక్టర్ల బొమ్మలు బయటికొచ్చి ఒక చక్రవర్తి చుట్టూ తిరుగుతాయి. జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తారు. ఆ చక్రవర్తి ఈయనే. ఆయన 1356లో ఇచ్చిన గోల్డెన్ బుల్ అనే శాసనానికి (చక్రవర్తి ఎన్నిక నియమాలు) గుర్తుగా 1509లో పెట్టిన గడియారం అది.

మార్కెట్‌కి దొరికిన తొలి ఆధారం 1628 నాటి చిన్న చెక్క పెట్టె. మార్కెట్ సందర్భంగా ఒకామె ఇంకొకామెకి పంపిన కానుక అని దాని మీదే రాసి ఉంది, ఇక్కడి జాతీయ మ్యూజియంలో దాచారు. మధ్యలో మార్కెట్ చోటు మారుతూ వచ్చింది. 1933లో నాజీలు దాన్ని తిరిగి హౌప్ట్‌మార్క్ట్‌కి తెచ్చి ప్రచారానికి వాడుకున్నారు. యుద్ధంలో ఆగిపోయింది. 1945 జనవరి 2 బాంబు దాడికి పాత ఊరు దాదాపు 90 శాతం పోయింది. మీరు చూడబోయే పాత ఇళ్లలో చాలావాటిని ఆ తర్వాత కట్టారు. 1948లో, ఇంకా శిథిలాలు ఉండగానే, మార్కెట్ మళ్లీ పెట్టారు. ఇప్పుడు బాల్కనీ మీద చదివే పద్యం ఆ ఏడాది ఫ్రీడ్రిష్ బ్రోగర్ రాసిందే. మొదట్లో క్రిస్ట్‌కిండ్ వేషం నటి వేసేది, 1969 నుంచి ఊరి అమ్మాయిల్లో ఒకరిని ఎన్నుకుంటున్నారు.

చౌక్ మూలన ఉన్న 19 మీటర్ల ఫౌంటెన్ షోనర్ బ్రున్నెన్ చుట్టూ ఇనుప కంచె ఉంటుంది. అందులో అతుకు కనపడని ఇత్తడి ఉంగరం ఉంటుంది. తిప్పితే కోరిక తీరుతుందని నమ్మకం. బాబుని ఎత్తుకుని తిప్పించండి.

చలిపులి

పండగ పూట ఈ చావుల లెక్కలు తవ్వడం ఎందుకు సార్? చిన్నపిల్లలతో వెళ్తున్నారు వాళ్లు.

రాతిబాట

పిల్లలకి చెప్పమని ఎవరన్నారు? డెబ్బై ఏళ్ల పెద్దమనిషి అంత దూరం నుంచి వస్తున్నారు. ఆయనకి కొట్లు, దీపాలు మాత్రమే చూపించి పంపడం నాకు నచ్చదు. బేరెన్‌షాన్సె మెట్రో స్టేషన్ పక్కన 600 నంబర్ కోర్టు గది ఉంది. 1945 నవంబర్ 20 నుంచి 1946 అక్టోబర్ 1 దాకా నాజీ నాయకుల విచారణ జరిగింది అక్కడే. మంగళవారం సెలవు, కాబట్టి సోమవారమే వెళ్లాలి.

కృష్ణాతీరం

గొడవ పడకండి. మామయ్య డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఈ పోస్టు ఫోన్‌లో చదివి వినిపిస్తే, మార్కెట్ లేకపోయినా ఫర్వాలేదు, ఆ కోర్టు గది చూడందే రానన్నారు. భద్రత గురించిన ప్రశ్న మళ్లీ ఎత్తలేదు.

నిర్వాహకులు

ఈ చర్చ చాలామందికి పనికొస్తుంది కాబట్టి పైన పిన్ చేస్తున్నాం. వెళ్లొచ్చాక కృష్ణాతీరం గారు ఎలా జరిగిందో రాయాలని మనవి.

కృష్ణాతీరం

వెళ్లొచ్చామండీ. ఆలస్యంగా రాస్తున్నాను, పాపకి జలుబు తగ్గేసరికి ఇంత కాలం పట్టింది.

కొలోన్‌లో ఆగాం. స్టేషన్ తలుపు దాటగానే ఎదురుగా ఆ కేథడ్రల్ నల్లగా నిలువునా లేచి ఉంటే అత్తయ్య మెట్ల మీదే ఆగి చేతులు జోడించారు. కాసేపు తిరిగి మళ్లీ రైలెక్కాం. ఆదివారం రాత్రి మీరన్నట్టే వంతెన దాకా వెళ్లి చూసి వచ్చేశాం. మా ఆయన ఒక్కరే "ఊరికే అలా" అని లోపలికి వెళ్లి, జాకెట్ మీద ఎవరిదో గ్లూవైన్ పోయించుకుని వచ్చారు.

సోమవారం పొద్దున మాత్రం వైభోగమే. కొట్ల ముందు దారి ఖాళీ. అత్తయ్యకి బాగా నచ్చినవి ఎండు పళ్లతో చేసే చిన్న మనుషుల బొమ్మలు, త్స్వెచ్‌గెన్‌మెన్లె అంటారట. ఒంటికి ఎండు అంజీర్, కాళ్లూ చేతులూ తీగకి గుచ్చిన ఎండు ప్లమ్ పళ్లు, తలకాయ అక్రోట్. దాని మీద సన్నటి కుంచెతో కళ్లు, మీసం. ఒకటి బేకరీవాడు, ఒకటి డాక్టరు, ఒకటి కట్టెల మోపు మోసే ముసలమ్మ. అత్తయ్య ఆ ముసలమ్మని చేతిలోకి తీసుకుని, తల వెనక ముడి కూడా ఉందా లేదా అని తిప్పి చూశారు. ఉంది! కొట్టు యజమానురాలు అది చూసి మురిసిపోయి, లోపల చేస్తున్న సగం బొమ్మ తెచ్చి చూపించింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పావుగంట మాట్లాడుకున్నారు.

12కి గడియారం బొమ్మలు చూశాం. మామయ్య అందరిలా ఫోన్ తీయలేదు. బొమ్మలు తిరగడం అయ్యాక "ఇక్కడే కదమ్మా ఆ వాడ ఉండేది?" అని మాత్రం అడిగారు. మధ్యాహ్నం ఆయనా, మా ఆయనా కోర్టు గదికి వెళ్లారు. చెక్క పలకల గోడలు, తలుపు మీద కంచు శిల్పాలు, ముద్దాయిలు కూర్చున్న వైపు, అన్నీ నాకు రాత్రి భోజనాల దగ్గర బొమ్మ గీసి చూపించారు. ఎవరు ఏ వరసలో కూర్చున్నారో కూడా. రాతిబాట గారూ, ఆయన మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పమన్నారు.

మేం పిల్లలతో రంగులరాట్నం దగ్గర ఉన్నాం. కానీ మావాడి మనసు దోచింది మార్కెట్టూ కాదు, రాట్నమూ కాదు, డ్రైవర్ లేని మెట్రో. యు2, యు3 లైన్లలో ముందు అద్దం దగ్గర కూర్చుంటే సొరంగం ఎదురొస్తుంది. దిగనని ఏడుపు. ఒకే టికెట్ మీద రోజంతా తిరిగే వీలుంది కాబట్టి వాళ్ల నాన్న అలా తిప్పుతూనే ఉన్నారు.

తిండి దగ్గర ఒక్క ఇబ్బంది వచ్చింది. ఒక కొట్లో వెజిటేరియన్ ఫ్లామ్‌కుహెన్ అని మూడుసార్లు చెప్పి తీసుకుంటే కింద మాంసం ముక్కలు తేలాయి. అదృష్టం, అత్తయ్య నోట్లో పెట్టుకోకముందే మా ఆయన చూశారు. ఆ తర్వాత ఆమె చెస్ట్‌నట్‌లు, పాకం బాదం, డబ్బాలో పులిహోర తప్ప ఇంకేదీ ముట్టలేదు. పెసరట్టు గారి మాట విని రైస్ కుక్కర్ పట్టుకెళ్లడం ఎంత మంచిదయిందో! కిండర్‌పున్ష్ మాత్రం అందరికీ నచ్చింది, కప్పులు వెనక్కివ్వలేదు.

మంగళవారం టాక్సీలో కోటకి వెళ్లాం. కోటలోని లోతు బావి ఎవరూ మానొద్దు. సుమారు 50 మీటర్ల లోతు, రాతిని తొలిచి తవ్వారు. గైడ్ చెంబుతో నీళ్లు వంపి అందరినీ నిశ్శబ్దంగా ఉండమంటుంది. చాలాసేపటికి అడుగు నుంచి చప్పుడొస్తుంది. తర్వాత కొవ్వొత్తులు వెలిగించిన పళ్లెం కిందికి దించుతారు, అది చిన్న చుక్కయ్యేదాకా చూడొచ్చు. మా ఊళ్లో పది అడుగులకే నీళ్లు పడతాయి, ఇంత లోతు తవ్వడానికి వీళ్లకి ఎన్ని తరాలు పట్టిందోనని అత్తయ్య దారి పొడుగునా అదే మాట.

నచ్చనివీ చెప్తాను. కొట్లలో సగానికి పైగా ఒకేలాంటి నక్షత్రాలు, కొవ్వొత్తులు. ధరలు బాగా ఎక్కువ. స్ట్రోలర్ చక్రాలు రాళ్ల మధ్య ఇరుక్కుంటూనే ఉన్నాయి, పాపని వీపున కట్టుకునే క్యారియర్ ఉంటే హాయి. సాయంత్రం 4కి వెళ్లి 5 కల్లా వచ్చేద్దామనుకున్నాం కానీ 4:30కే కిక్కిరిసిపోయింది. సెలవుల వారం కదా మరి.

చలిపులి

చదువుతుంటే సంతోషంగా ఉంది. బావి సంగతి నాకూ తెలియదు, ఇన్నేళ్లుగా కింద కొట్ల దగ్గరే ఆగిపోతున్నాను. రోథెన్‌బర్గ్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

హైదరాబాదీ_చాయ్

పాత పోస్టు పైకి తెస్తున్నందుకు క్షమించాలి. మా అమ్మానాన్న జనవరిలో తిరిగి హైదరాబాద్ వెళ్తున్నారు. చుట్టాలకి న్యూరెంబర్గ్ లెబ్‌కూహెన్ (మసాలా బిస్కెట్లు) డబ్బాలు పంపాలని ఉంది. గుడ్డు లేనివి దొరుకుతాయా? అన్ని రోజులు పాడవకుండా ఉంటాయా?

పెసరట్టు_ప్రేమికుడు

దొరుకుతాయి, కానీ ఏరుకోవాలి. అన్నిటికంటే మేలు రకం ఎలీజెన్‌లెబ్‌కూహెన్. అందులో బాదం, హేజెల్‌నట్, అక్రోట్ కలిపి కనీసం 25 శాతం ఉండాలి, పిండి 10 శాతం దాటకూడదు. పిండి తక్కువ కాబట్టి ముద్ద కట్టడానికి సాధారణంగా గుడ్డే వాడతారు. అందుకని వేగన్ అని రాసి ఉన్న డబ్బా చూసి కొనండి, సూపర్‌మార్కెట్లలో కూడా పెడుతున్నారు. వెనక పదార్థాల జాబితాలో "ఐ", "ఐవైస్", "ఫోల్‌ఐ" లాంటి గుడ్డు మాటలు కనిపిస్తే అవి మీ చుట్టాలకి వద్దు. దాల్చినచెక్క, లవంగం, యాలకులు, జాజికాయ, ధనియాలు, అన్నీ మనకి తెలిసిన దినుసులే కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు వాసనకే ఇష్టపడతారు.

మూత గట్టిగా ఉన్న రేకు డబ్బాలో వారాల తరబడి మెత్తగా ఉంటాయి. ఒకసారి తెరిచాక గాలికి వదిలేస్తే గట్టిపడతాయి, డబ్బాలో చిన్న యాపిల్ ముక్క పెడితే మళ్లీ మెత్తబడతాయి. చాక్లెట్ పూత ఉన్నవాటి కంటే చక్కెర పూతవి, పూత లేనివి ప్రయాణానికి నయం. పిల్లల కోసం నీళ్ల గాజు బంతి, లోపల మంచు కురిసేది, కొని ఉంటే దాన్ని చెక్‌ఇన్ సామాన్లలో బట్టల మధ్య పెట్టండి. చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర 100 మిల్లీలీటర్ల లెక్క తీసి ఆపేయొచ్చు.